గాలి సోకని పెరట్లో కర్పూర వృక్షం: ఎక్కడ నాటాలి, చలి నుంచి ఎలా కాపాడుకోవాలి?

మల్లెపందిరి (ప్రశ్న):

ఏడాది పొడవునా పచ్చగా ఉంటూ, ఆకు నలిపితే పరిమళించే చెట్టు ఒకటి మా పెరట్లో పెంచాలని చాలాకాలంగా కోరిక. అన్నీ చూశాక కర్పూర వృక్షం, అంటే సిన్నమోమమ్ కాంఫోరా, మనసుకు పట్టింది. మోకాలెత్తు మొక్క ఒకటి ఇప్పటికే కుండీలో ఆరోగ్యంగా ఉంది. దాన్ని నేలలో పెట్టే ముందు ఈ చెట్టును దగ్గరగా ఎరిగినవారి సలహా తీసుకోవాలనుకుంటున్నాను.

పెరటికి మూడు వైపులా నిలువెత్తు ప్రహరీ గోడ ఉంది. నాలుగో వైపు ఇల్లు అడ్డంగా ఉంటుంది కాబట్టి ఈదురు గాలి లోపలికి రాదు. ఇంటి నుంచి వెనుక గోడ దాకా సుమారు 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న స్థలం ఇది. నేల ఇంటి వైపు నుంచి వెనక్కి కొద్దిగా వాలి ఉంటుంది. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 5, 6 డిగ్రీలకు తగ్గదు. ఏ కొన్నేళ్ళకో ఒకసారి మాత్రం, మబ్బు లేని రాత్రి, సున్నాకు కాస్త దిగువకు పోయి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది.

ఇంటికి దగ్గరగా, మధ్యాహ్నపు ఎండ బాగా పడే గోడ మూలన, గోడకు 2 మీటర్ల ఎడంగా మొక్కను నాటాలని నా ఆలోచన. పెరటి మొత్తంలో వెచ్చగా ఉండేది ఆ మూలే. అయితే అక్కడ తవ్వి చూస్తే మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు కనబడ్డాయి. ఆ చోటు సరైనదేనా, సున్నం ఈ చెట్టుకు పడుతుందా, మరికొన్నేళ్ళు కుండీలోనే ఉంచి బలపడ్డాక నాటడం మంచిదా, చెట్టు పెరిగాక పెరడంతా కర్పూరపు వాసన వస్తుందా అన్నవి నా సందేహాలు.

వేపనీడ (జవాబు):

మీరు మొక్కకు చోటు వెతుకుతున్నారు గాని, నాటబోయేది చెట్టును. ఈ రెండింటి అవసరాలూ ఒకటి కావు. గోడ వెచ్చదనం, గాలి చాటు కర్పూర వృక్షానికి నిజంగా అవసరమయ్యేది మొదటి మూడు నాలుగేళ్ళే. తరువాత అది గోడను దాటి పైకి పోతుంది; ఆపైన గోడ ఇచ్చే రక్షణ దాని కొమ్మలకు అందదు, కానీ గోడ వల్ల వచ్చే ఇబ్బందులు మాత్రం జీవితాంతం ఉంటాయి.

తోటల్లో ఈ చెట్టు మామూలుగా 15 నుంచి 20 మీటర్ల ఎత్తు పెరుగుతుంది, అనువైన చోట 30 మీటర్లకూ చేరుతుంది. చాలాసార్లు ఎత్తు ఎంతో కొమ్మల విస్తీర్ణం కూడా అంతే ఉంటుంది, ఒక్కోసారి ఎత్తును మించుతుంది. జపాన్‌లోని కగొషిమా ప్రాంతంలో కమో అనే చోట ఉన్న కర్పూర వృక్షం మొదలు చుట్టుకొలత 24 మీటర్ల పైమాటే. మన పెరట్లో చెట్టు ఆ స్థాయికి పోదు, దానికి అన్ని శతాబ్దాల వయసూ రాదు. కానీ ఏ జాతిని తెచ్చుకున్నామో తెలియడానికి ఆ కొలత గుర్తుంచుకోవడం మంచిది. దీని వేళ్ళు లోతుకు పోవడం కంటే పైపైనే వెడల్పుగా పాకుతాయి. పునాది పక్కన, నేలలో పూడ్చిన మురుగు గొట్టాల పక్కన వీటిని పెట్టకూడదు. గొట్టం ఎక్కడైనా చిట్లి ఉంటే ఆ తేమను పట్టుకుని వేళ్ళు లోపలికి చొరబడతాయి. గోడకు 2 మీటర్ల దూరంలో నాటితే కొమ్మలు వెలుతురు కోసం ఒకే వైపుకు సాగి చెట్టు ఒరుగుతుంది. గోడ చాటున వాన నీరు కూడా తక్కువ పడుతుంది కాబట్టి ఆ మూల పైకి వెచ్చగా ఉన్నా లోపల పొడిగా ఉంటుంది.

అందుచేత నా సలహా ఏమిటంటే, పెరటి నడిమి భాగంలో, ఇంటికి 12 మీటర్లు, పక్క గోడలకు 9, 10 మీటర్లు దూరం వచ్చేలా చోటు చూడండి. చోటు పెద్ద చెట్టును ఊహించుకుని ఎంచుకోవాలి, రక్షణ మాత్రం పసి మొక్కకు తగినట్టు తాత్కాలికంగా కల్పించాలి.

ఇక చలి సంగతి. ఎదిగిన కర్పూర వృక్షం మైనస్ 6, 7 డిగ్రీల చలిని కొద్దిపాటి ఆకు నష్టంతో తట్టుకుంటుంది. లేత మొక్కకు, ముఖ్యంగా ముదరని చిగురుకు, సున్నాకు ఒకటి రెండు డిగ్రీల దిగువ చాలు, మాడిపోతుంది. మీరు చెప్పినటువంటి నిర్మలమైన రాత్రి నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. అటువంటి రాత్రి వస్తుందని తెలిసినప్పుడు ముందు రోజు పగలే పాదును బాగా తడిపి ఉంచండి, ఎందుకంటే తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడిని పట్టి ఉంచి రాత్రంతా మెల్లగా వదులుతుంది. మూడు కర్రలు పాతి, వాటి మీద పాత దుప్పటి గాని గోనెపట్టా గాని కప్పి, అంచులు నేలను తాకేలా దించండి. నేల నుంచి వచ్చే వేడి లోపలే నిలవాలి కాబట్టి అంచులు గాలిలో వేలాడితే ప్రయోజనం ఉండదు. గుడ్డ ఆకులకు ఆనకూడదు. ఉట్టి ప్లాస్టిక్ పట్టా ఆకులకు తగులుతూ కప్పితే తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. తెల్లవారి ఎండ వచ్చాక కప్పు తీసివేయాలి.

ఎండాకాలం చివరి నుంచి నత్రజని ఎరువు ఆపేయడం వీటన్నిటికంటే ముఖ్యం. అప్పుడు వేసిన ఎరువు చలికి ముందు లేత చిగుళ్ళను పుట్టిస్తుంది, అవి ముదరక ముందే చలి వస్తుంది.

ఎర్రమట్టి (జవాబు):

చోటు విషయంలో వేపనీడ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేల కోణం నుంచి చూసినా ఆ మూల వద్దనే అంటాను. గోడ పక్కన కనబడే సున్నపు గడ్డలు చాలావరకు కట్టుబడి సమయంలో పడిపోయిన గార, సిమెంటు పెళ్ళలే అయి ఉంటాయి. పెరడంతా అదే మట్టి అనుకోనక్కరలేదు. ఒక చిన్న పరీక్ష చేయండి. గోడ మూల నుంచి ఒక పిడికెడు, నడిమి భాగం నుంచి ఒక పిడికెడు మట్టిని, జానెడు లోతు నుంచి తీసి ఆరబెట్టి, రెండింటి మీదా కొన్ని చుక్కల వెనిగర్ వేయండి. సున్నం ఉన్న మట్టి బుసబుసమని పొంగుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నటి చిటపట కూడా వినిపిస్తుంది. లేని మట్టి చప్పుడు చేయకుండా తడి పీల్చుకుంటుంది. ఆ తరువాత పీహెచ్, అంటే మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత, చూపిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

కర్పూర వృక్షానికి కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నేల, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య, హాయిగా ఉంటుంది. 7 వరకు సర్దుకుంటుంది. 7.5 దాటితే మట్టిలో ఇనుము, మాంగనీసు ఉన్నా వేరు తీసుకోగల రూపంలో ఉండవు. అప్పుడు లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా మిగిలి, ఈనెల మధ్య భాగం పసుపుగా, చివరకు దాదాపు తెల్లగా మారుతుంది. ముదురు ఆకులు మొదట పసుపెక్కితే అది నత్రజని లోపం కావచ్చు గాని, చిగురు వైపు నుంచి మొదలయ్యే పసుపు మాత్రం ఎక్కువగా ఇనుము అందకపోవడం వల్లనే వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది ఎరువు మీద ఎరువు వేస్తారు, దానితో మొక్క మరింత నలుగుతుంది.

గంధకపు పొడి కలిపి పీహెచ్ తగ్గించవచ్చని ఎవరైనా చెబితే, అది సున్నపు గడ్డలు లేని నేలకే పనికొచ్చే ఉపాయమని గమనించండి. వెనిగర్‌కు పొంగే మట్టిలో ఎంత గంధకం వేసినా ఆ సున్నం దాన్ని మింగేస్తూనే ఉంటుంది. అటువంటి నేలలో ఈడీడీహెచ్ఏ రకపు ఇనుప కీలేటును, అంటే సున్నపు మట్టిలోనూ ఇనుమును వేరుకు అందే రూపంలో నిలిపి ఉంచే మందును, పాదులో పోస్తే ఆకు పచ్చబడుతుంది, కానీ ఒక మహావృక్షానికి ఏటేటా మందు పోస్తూ ఉండటం సాధ్యమయ్యే పని కాదు. రెండు చోట్లా మట్టి బుసబుసలాడితే ఈ చెట్టు కోరికను మానుకుని బే లారెల్ నాటుకోండి. అది కూడా ఇదే కుటుంబానికి చెందిన సుగంధ సతతహరిత వృక్షమే. సున్నపు నేలను బాగా ఓర్చుకుంటుంది, కత్తిరింపుకు లొంగుతుంది, ఇంత పెద్దదీ కాదు.

కుండీలో మరికొన్నేళ్ళు ఉంచడం నేను సమ్మతించను. కుండీ అంచును తాకిన వేళ్ళు గుండ్రంగా చుట్టుకోవడం మొదలుపెడతాయి. ఆ చుట్టు అలాగే ముదిరితే నేలలో నాటిన పదేళ్ళ తరువాత కూడా మొదలును ఉరిబిగించినట్టు నొక్కుతుంది. దీని వేళ్ళు కండగలిగి పెళుసుగా ఉంటాయి కాబట్టి పెద్దయ్యాక కదిలిస్తే తట్టుకోవడం కష్టం. చలి పూర్తిగా వెళ్ళిపోయాక నాటితే వచ్చే చలికాలానికి వేరు కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. గొయ్యి మట్టిముద్ద లోతే ఉండాలి, వెడల్పు మాత్రం దానికి రెండింతలు, వీలైతే మూడింతలు ఉండాలి. చుట్టుకున్న వేళ్ళను చేత్తో విప్పండి, విప్పలేని వాటిని పదునైన కత్తితో నిలువుగా కోయండి. మొదలు దగ్గర వేరు చీలడం ఆరంభమయ్యే చోటు నేలమట్టానికి సమంగా ఉండాలి. అంతకంటే లోతుగా పాతితే మొదలు కుళ్ళుతుంది. గోతిని మాత్రమే ఎరువుతో నింపి తీపి చేస్తే వేరు ఆ గొయ్యి దాటి బయటకు రాదు, కాబట్టి తవ్విన మట్టినే తిరిగి పోసి, మాగిన పశువుల ఎరువును పైన పరచండి.

నాటే ముందు అక్కడ ఒక అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపి, ఇంకిపోయాక మళ్ళీ నింపి చూడండి. రెండోసారి పోసిన నీరు కొన్ని గంటల్లో ఇంకితే చాలు. మర్నాటికీ నిలిచి ఉంటే ఆ చోటు ఈ చెట్టుకు పనికిరాదు, లేదా మట్టి పోసి మిట్ట చేసి నాటాలి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి ఒకటి రెండుసార్లు నీరు లోతుగా ఇంకేలా పెట్టాలి. రోజూ కాసిన్ని చల్లితే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి. పాదు మీద ఎండాకులను నాలుగు వేళ్ళ మందాన కప్పి, మొదలు చుట్టూ మాత్రం బెత్తెడు ఖాళీ వదలండి.

మల్లెపందిరి:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. వెనిగర్ పరీక్ష ఈ రోజే చేశాను. గోడ మూల మట్టి బాగా పొంగింది, నడిమి భాగం మట్టి ఏమాత్రం పొంగలేదు. కాబట్టి నడిమి భాగమే ఖాయం చేసుకుంటున్నాను. అయితే వెనుక వైపు వాలు ఉందని చెప్పాను కదా, మంచు పడిన ఉదయాల్లో వెనుక గోడ దగ్గర గడ్డి అన్నిటికంటే తెల్లగా, ఎక్కువసేపు ఉంటుంది. నడిమి భాగానికి ఆ చలి వస్తుందా? ఇంకొక సంగతి: ఈ వారంలో మొక్క కింది ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. ఇది జబ్బా?

చిగురుకొమ్మ (జవాబు):

ఆకుల గురించి నేను చెబుతాను. మొక్క కొసన కొత్త చిగురు వస్తోందేమో చూడండి. వస్తూ ఉంటే ఆ రాలడం జబ్బు కాదు. సతతహరితం అన్నంత మాత్రాన ఆకు ఎప్పటికీ రాలదని కాదు; కర్పూర వృక్షం ఆకు ఇంచుమించు ఏడాది బతికి, కొత్త చిగురు విచ్చే వేళకు ఎర్రగానో నారింజ రంగులోనో మారి రాలిపోతుంది. పాత ఎరుపు కింద రాలుతుండగా పైన రాగి రంగు చిగురు మెరుస్తుంది, కొద్ది వారాల్లో అది లేత పచ్చకు తిరుగుతుంది. ఈ చెట్టు అందమంతా ఆ కొద్ది రోజుల్లోనే ఉందని నేను నమ్ముతాను. చిగురు లేకుండా, ఆకు అంచులు గోధుమ రంగుకు మాడి రాలితే మాత్రం నీటి సమస్య ఉన్నట్టు.

ఒక ముదురు ఆకును తిప్పి, భూతద్దం ఉంటే దానితో చూడండి. ఆకు తొడిమను కలిసే చోటికి కాస్త పైన నడిమి ఈనె నుంచి రెండు పక్క ఈనెలు చీలుతాయి. ఆ చీలిక మూలల్లో ఆవగింజ కంటే చిన్న ఉబ్బులు కనిపిస్తాయి, వాటి అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది. చాలామంది దీన్ని తెగులు అనుకుని మందు కొడతారు. నిజానికి అవి చెట్టు తనంతట తాను కట్టే గదులు. వాటిలో నల్లి జాతికి చెందిన అతి చిన్న జీవులు కాపురముంటాయి. కాబట్టి ఆ ఉబ్బులను చూసి పురుగుమందు చల్లవద్దు.

వాసన సంగతి ముందే నిజం తెలుసుకోవడం మంచిది. కర్పూర వృక్షం పూల చెట్టులా పరిమళాన్ని గాలిలో నింపదు. దాని తైలం ఆకు, కొమ్మ, కలప, వేరు అన్నిటిలోనూ సూక్ష్మమైన కణాల్లో మూసి ఉంటుంది. ఆ కణం చిట్లితేనే వాసన బయటికి వస్తుంది. ఆకు నలిపినప్పుడు, కొమ్మ కత్తిరించినప్పుడు, రాలిన ఆకుల మీద నడిచినప్పుడు ఘాటుగా తెలుస్తుంది. అందుకే చెట్టు కిందుగా ఒక నడకదారి ఉండేలా చూసుకుంటే ఆ పరిమళం మీకు ఎక్కువగా దక్కుతుంది.

అన్ని కర్పూర వృక్షాల వాసనా ఒకటి కాదు. ఒకే జాతిలో కొన్ని చెట్ల తైలంలో కర్పూరం ఎక్కువ, కొన్నింటిలో పూల వాసన ఇచ్చే లినలూల్ ఎక్కువ, మరికొన్నింటిలో యూకలిప్టస్‌ను తలపించే సినియోల్ ఎక్కువ. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లిని పోలి ఉంటుందన్న హామీ లేదు, కొమ్మ నాటి పెంచిన మొక్క మాత్రం తల్లి వాసననే ఇస్తుంది. నాటిన తరువాత మార్చలేరు కాబట్టి, ఇప్పుడే ఒక ఆకు నలిపి ఆ వాసన మీరు కోరుకున్నదేనా అని తేల్చుకోండి.

పక్షిగూడు (జవాబు):

నాటడానికి ముందు ఆలోచించవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఎదిగిన చెట్టు చిన్న చిన్న లేత పూలు పూసి, బఠాణీ గింజంత నల్లటి కాయలు వేలకొద్దీ కాస్తుంది. పక్షులు వాటిని ఇష్టంగా తిని గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. చైనా దక్షిణ భాగం, తైవాన్, జపాన్ వంటి స్వస్థలాల్లో ఇది అడవిలో ఒక భాగం. 1822లో ఆస్ట్రేలియాకు, 1875 ప్రాంతంలో అమెరికాకు అలంకారం కోసమో కర్పూరం కోసమో తీసుకువెళ్ళిన ఈ చెట్టు అక్కడి న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్, ఫ్లోరిడా ప్రాంతాల్లో ఏటి గట్లను ఆక్రమించి, స్థానిక చెట్లను తొలగించి, ఇప్పుడు కలుపు చెట్ల జాబితాలో ఉంది. నరికినా మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి దాన్ని వదిలించుకోవడం తేలిక కాదు. మీ ప్రాంతంలో దీన్ని నాటడానికి అనుమతి ఉందో లేదో వ్యవసాయ, అటవీ శాఖల దగ్గర కనుక్కోండి. దగ్గరలో వాగు గాని, రక్షిత అడవి గాని ఉంటే నాటవద్దనే నా మనవి. అనుమతి ఉన్నచోట కూడా చెట్టు కింద, గోడ వెంబడి మొలిచే మొలకలను రెండు ఆకుల దశలోనే పీకివేసే బాధ్యత నాటినవారిదే.

ఇంట్లో పసిపిల్లలు గాని పెంపుడు జంతువులు గాని ఉంటే ఆకులు, కాయలు నోట పెట్టుకోకుండా చూడాలి. కర్పూరం కడుపులోకి పోతే, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, కొద్ది మోతాదుకే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

వేపనీడ:

వెనుక గోడ దగ్గర గడ్డి ఎక్కువసేపు తెల్లగా ఉండటానికి కారణం వాలే. చల్లబడిన గాలి బరువెక్కి నీటిలాగే పల్లానికి పారుతుంది, మీ వెనుక గోడ దానికి ఆనకట్ట అవుతోంది. గాలిని ఆపే గోడే చలిని నిలవ చేస్తుందన్న సంగతి గాలి సోకని పెరళ్ళలో తరచుగా మరుగున పడుతుంది. మంచు పడిన ఉదయం ఆ తెల్లదనం ఎంత దూరం వరకు ఉందో చూసి రెండు పుల్లలు గుచ్చి ఉంచండి. మొక్క స్థానం ఆ గీతకు ఎగువన ఉంటే భయపడనక్కరలేదు. గీత నడిమి భాగం దాకా వస్తే, వెనుక గోడ అట్టడుగున నాలుగైదు ఇటుకలు తీసి జాలీ బిగించండి, లేదా అక్కడ గేటు ఉంటే కింద సందు వదలండి. చల్లగాలి బయటికి జారిపోవడానికి దారి దొరుకుతుంది. మొక్కను ఇంకో రెండు మూడు మీటర్లు ఇంటి వైపుకు జరిపినా మంచిదే, 9 మీటర్లకు తక్కువ కాకుండా చూసుకోండి.

మొదటి చలికాలంలో ఇంత జాగ్రత్త తీసుకున్నా కొసలు మాడవచ్చు. వెంటనే కత్తెర పట్టుకోవద్దు. మాడిన కొమ్మ కింది చిగురుకు కొంత రక్షణ ఇస్తుంది, పైగా ఎంతవరకు ప్రాణం ఉందో చలి వెళ్ళే వరకు తెలియదు. అప్పుడు బెరడును గోటితో కాస్త గీరి చూసి, లోపల పచ్చదనం కనబడిన చోటికి పైన కత్తిరించండి. ఈ జాతికి మళ్ళీ చిగురించే శక్తి చాలా గొప్పది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన అణుబాంబుకు, పేలుడు కేంద్రానికి దాదాపు 800 మీటర్ల దూరంలోని సన్నో మందిరపు కర్పూర వృక్షాలు రెండూ కాలి, ఆకులన్నీ పోగొట్టుకుని కూడా తిరిగి చిగురించి నేటికీ నిలిచి ఉన్నాయి.

రెండో ఏడు నుంచి ఒకటే పని. నడిమి కొమ్మకు పోటీగా ఇంకొక కొమ్మ నిటారుగా సాగితే, వేలి మందం దాటకముందే దాన్ని సగానికి తగ్గించండి. రెండు సమాన కొమ్మలు ఇరుకు చీలికతో పెరిగితే మధ్యలో బెరడు ఇరుక్కుని, చెట్టు బరువెక్కాక గాలివానకు అక్కడే చీలుతుంది. అప్పటికి అది మీ గోడ కంటే ఎంతో ఎత్తున ఉంటుంది కాబట్టి ప్రహరీ చాటు దానికి ఉండదు.